మోటారుబండి పొగగొట్టము: సూటి తప్పిన యతుకును సరిచేయు విధము

మోటారుబండిని గూర్చి ముచ్చటించునపుడు జనులు దాని వేగమును, రంగును, పెట్రోలు వ్యయమును చెప్పుకొందురు గాని, దాని యడుగుభాగమున ముందునుండి వెనుకవరకు సాగియుండు పొగగొట్టమును తలచువారరుదు. అది చప్పుడు చేసిననాడే జ్ఞప్తికి వచ్చును. అప్పుడును "సైలెన్సరు పోయినది" అని యొకమాట యని యూరకుందురు. కాని యా గొట్టపు అతుకులలో నొకదానియందు సన్నని సందు కలిగినచో, దానివెంట వెడలు వాయువు బండిలోని వారి ప్రాణములకే అపాయము తేగలదు. ఆ సందు ఏల కలుగును? దానిని కనుగొనుట యెట్లు? చక్కబెట్టుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలకును ఈ వ్యాసమున సమాధానము చెప్ప బూనితిమి. తరగతిలో నేర్చిన క్షేత్రగణితమును, భౌతిక రసాయన శాస్త్రములును ఇందుకు మిక్కిలి తోడ్పడునని విద్యార్థులు గ్రహింతురుగాక.

పొగ నడచు త్రోవ

నాలుగు సిలిండరుల పెట్రోలు ఇంజనును ఉదాహరణముగా తీసికొందము. సిలిండరులో పెట్రోలును గాలియు కలిసి మండి పిస్టనును త్రోసిన పిమ్మట, కాలిన వాయువులు వాల్వుద్వారా మానిఫోల్డులోనికి వచ్చును. నాలుగు శాఖలుగా వచ్చిన పొగ యచట నొక్కటియగును. అచటినుండి దిగుగొట్టము, క్యాటలిటిక్ కన్వర్టరు అను శుద్ధిపేటిక, నడిమిగొట్టము, సైలెన్సరు, తుదిగొట్టము అను వరుసగా పొగ వెనుకకు సాగును. కొన్ని బండ్లలో కన్వర్టరు మానిఫోల్డునకే అంటియుండును. ఈ భాగములు ఒకదానితోనొకటి ఫ్లాంజిలచే కలుపబడియుండును. ఫ్లాంజి యనగా గొట్టపు కొసకు అతికించిన దళసరి యినుపచిప్ప. రెండు ఫ్లాంజిల నడుమ ప్యాకింగు నుంచి, బోల్టులతో బిగింతురు.

ఈ గొట్టములో పొగ యేటినీటివలె నెడతెగక పారదు. దెబ్బలు దెబ్బలుగా వచ్చును. ఇంజను నిలుకడగా నిమిషమునకు 900 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అనగా సెకనుకు 15 చుట్లు. నాలుగు సిలిండరులలో ప్రతిచుట్టునకు రెండు పొగను విడుచును. కావున సెకనుకు 30 దెబ్బలు గొట్టమును తాకును. అతుకున సందున్నచో ప్రతిదెబ్బకును "టిక్కు"మను చప్పుడు కలుగుట యిందుచేతనే. దెబ్బకును దెబ్బకును నడుమ గొట్టములోని ఒత్తిడి క్షణకాలము తగ్గును. అపుడు సందుగుండా వెలుపలిగాలి లోనికి చొరబడును. కావున ఒక్క సందే పొగను వెలికి విడుచుటయు, గాలిని లోనికి తీసికొనుటయు అను రెండు చెడ్డపనులను చేయును.

రెండు పడవలపై కాలు

ఇంజను రబ్బరు మౌంటింగులపై కూర్చుండియుండును. బండి బయలుదేరునపుడును, ఆగునపుడును అది యిటునటు ఊగును. బండియొక్క అడుగుపలక అట్లు ఊగదు. పొగగొట్టమో, ముందుకొసను ఇంజనుతో బిగింపబడి, తక్కిన భాగమున రబ్బరు వలయములచే అడుగుపలకనుండి వ్రేలాడదీయబడినది. రెండు పడవలపై కాలుంచినవాని వంటిది దాని స్థితి. ఆ యూపును సహించుటకే పెక్కుబండ్లలో ముందుభాగమున అల్లిక తొడుగుగల వంగుగొట్టమునుగాని, స్ప్రింగుబోల్టులుగల గుండ్రని అతుకునుగాని అమర్చుదురు.

ఊపునకు తోడు వేడియు కలదు. ఉక్కు ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కినచో తన నిడివిలో పదిలక్షలవంతులలో సుమారు 12 వంతులు పెరుగును. 2 మీటర్ల గొట్టము 300 డిగ్రీలు వేడెక్కినచో 2000 × 300 × 12 ÷ 10,00,000 = 7.2 మిల్లీమీటర్లు సాగును. ప్రతి ప్రయాణమునందును ఇంతమేర సాగి, చల్లారినపిదప మరల కుంచించుకొనును. గొట్టము స్వేచ్ఛగా వ్రేలాడుచున్నచో ఈ పెరుగుదలవలన హాని లేదు. ఎచటనైన బలవంతముగా పట్టియుంచబడినచో, ఆ బలమంతయు అతుకులమీద పడును.

సూటి తప్పుటకు కారణములు

అతుకు ఊరక సూటి తప్పదు. ప్రాతబడిన రబ్బరువలయము తెగి గొట్టము ఒకవైపునకు జారవచ్చును. ఇంజను మౌంటింగు క్రుంగినచో గొట్టపు ముందుకొస దిగిపోవును. రాయియో, స్పీడుబ్రేకరో తగిలి గొట్టము వంగవచ్చును. సైలెన్సరును క్రొత్తది వేసినపుడు దాని వంపు ప్రాతదానికి సరిగా పోలకుండవచ్చును. అన్నిటికంటె తరచుగా కనబడు కారణము బిగింపు వరుస తప్పుట. అనగా వెనుకభాగమును ముందుగా గట్టిగా బిగించి, తక్కిన లోపమునంతయు ముందుయతుకుమీదికి నెట్టుట.

కొద్దిపాటి వంకర యింత చెరుపు చేయునా యని కొందరడుగుదురు. క్షేత్రగణితము సమాధానము చెప్పును. ఒక డిగ్రీ కోణమున రెండు రేఖలు విడిపోయినచో, 57 అడుగుల దూరమున వాని నడుమ ఒక అడుగు ఎడము ఏర్పడును. ఈ లెక్కచొప్పున, ముందు ఫ్లాంజియొద్ద ఒక డిగ్రీ వంకరయున్నచో, 2 మీటర్ల వెనుక గొట్టపు కొస 35 మిల్లీమీటర్లు ప్రక్కకు పోవును. ఇపుడు దీనిని తిరుగవేసి చూడుడు. వెనుకకొస 35 మిల్లీమీటర్లు తప్పియున్నదని దానిని లాగి రబ్బరునకు తగిలించినచో, ముందు ఫ్లాంజి ఒక డిగ్రీ తెరచుకొనజూచును. 100 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫ్లాంజికి ఒక డిగ్రీ యనగా ఒక అంచున సుమారు 1¾ మిల్లీమీటర్ల ఎడము. పలుచని ప్యాకింగు అంత ఎడమును పూడ్చజాలదు. కావుననే వెనుక చేసిన పనికి ముందుయతుకు శిక్ష ననుభవించును. చప్పుడు వచ్చినచోటనే తప్పున్నదని తలచుట పొరపాటు.

అగపడని శత్రువు

పెట్రోలు కర్బనమును, ఉదజనియు కలిసిన పదార్థము. చాలినంత ఆమ్లజనితో మండినచో బొగ్గుపులుసుగాలియు, నీటియావిరియు పుట్టును. ఆమ్లజని చాలనిచోట కార్బన్ మొనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మన రక్తములోని హెమోగ్లోబిను ఆమ్లజనిని పట్టుకొనుదానికంటె 200 రెట్లకు మించిన గట్టితనముతో ఈ వాయువును పట్టుకొనును. రక్తము ప్రవహించుచునే యుండును గాని, మోయవలసిన ప్రాణవాయువును మోయజాలదు. ఈ సంగతిని 19వ శతాబ్ది నడుమ ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు పరీక్షించి చూపెను. పిదప స్కాట్లండువాడగు జాన్ స్కాట్ హాల్డేను బొగ్గుగనులలో ఈ విషమును పసిగట్టుటకు చిన్నప్రాణులను వెంట కొనిపోవలెనని సలహా యిచ్చెను. ఆ కారణముచేత బ్రిటనులోని గనులలో కానరీపక్షులను 1986 వరకు వాడుచుండిరి.

కన్వర్టరు ఈ విషవాయువులో అధికభాగమును బొగ్గుపులుసుగాలిగా మార్చును. మన దేశమున 1995వ సంవత్సరము ఏప్రిలు నుండి నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలుకార్లకు దీనిని నిర్బంధము చేసిరి. కాని యిచట రెండు సంగతులు మరువరాదు. కన్వర్టరు బాగుగా వేడెక్కినగాని పనిచేయదు. మరియు కన్వర్టరునకు ముందున్న యతుకున సందు పడినచో, వెడలునది శుద్ధికాని పొగ. ఆ యతుకు ప్రయాణికులు కూర్చుండు గదికి సమీపమున నుండును. అద్దములు మూసి చల్లనిగాలి పెట్టుకొని పోవునపుడు, అడుగుపలకకు పట్టిన త్రుప్పురంధ్రములగుండను, గాలి తీసికొను త్రోవగుండను పొగ లోనికి రావచ్చును.

ఈ విషము సోకినవానికి మొదట తలనొప్పి, పిదప తలతిరుగుట, డోకు, మగత కలుగును. పెద్దలు దీనిని ప్రయాణపు వికారమనియో, ఎండదెబ్బ యనియో తలతురు. వెనుకసీటులో నిదురించు బిడ్డను "అలసి పండుకొన్నాడు" అని విడుతురు. బండిలో నున్న పలువురకు ఒక్కమారే తలనొప్పి వచ్చి, దిగి బయట నిలిచినపుడు తగ్గినచో, పొగగొట్టమును అనుమానింపవలెను. వెంటనే బండి నాపి, ఇంజను కట్టివేసి, అందరును వెలుపలికి రావలెను. మగతగా నున్నవానిని ఆలస్యము చేయక ఆసుపత్రికి, మరియొక బండిలో, చేర్పవలెను. మంచిగాలి పీల్చినను రక్తములోని విషము సగమగుటకు సుమారు 4 నుండి 6 గంటలు పట్టును. వైద్యులు శుద్ధమైన ఆమ్లజని నిచ్చినచో సుమారు గంట, గంటన్నరలో సగమగును. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు ఈ విషము పట్టిన రక్తమును మంచిరక్తముగా చూపవచ్చును. కావున అందలి అంకెను చూచి ధైర్యపడరాదు.

ఇక లోనికి చొరబడు గాలి సంగతి. నేటి బండ్లలో పొగగొట్టమున ఆమ్లజనిని కొలుచు సెన్సరు కలదు. పెట్రోలు ఒక పాలునకు గాలి సుమారు 14.7 పాళ్లు, తూకములో, ఉండునట్లు కంప్యూటరు దాని మాట విని సరిపుచ్చును. సెన్సరునకు ముందు సందుండి వెలుపలిగాలి చొరబడినచో, గాలి యెక్కువైనదని సెన్సరు చెప్పును. కంప్యూటరు పెట్రోలును హెచ్చించును. ఇట్లు చిన్నసందు పెట్రోలు ఖర్చును గూడ పెంచును.

సందును కనుగొనుట

ఉదయమున ఇంజను చల్లగా నున్నపుడు నడిపి చెవియొగ్గి వినవలెను. చల్లనివేళ టిక్కుటిక్కుమని, వేడెక్కిన పిమ్మట చప్పుడు తగ్గినచో, లోహము సాగి సందును కొంత మూయుచున్నదని యర్థము. తగ్గినది గదా యని సంతోషింపరాదు. పిదప ఇంజను నాపి, చల్లార్చి, అతుకులను చూడవలెను. సందున్నచోట నల్లని మసిచార కనబడును. అప్పటికిని తెలియనిచో, ఇంజను నడపకయే తుదిగొట్టమునుండి కొంచెపు ఒత్తిడితో గాలిని పంపి, అతుకులమీద సబ్బునీరు పూయవలెను. సందున్నచోట బుడగలు లేచును. సైకిలుట్యూబు పంక్చరును నీటితొట్టిలో వెదకుటయు నిదియు నొకటే.

సందు కనబడినది. దానికి కారణము ప్రాతప్యాకింగా, వంకరయా? ఇందులకు మంచి పరీక్ష యొకటి కలదు. గొట్టమునకు క్రిందనుండి ఆధారమిచ్చి, ఆ యతుకు బోల్టులను ఒక్కొక్కటిగా విప్పవలెను. చివరి బోల్టు తీయగానే రెండు ఫ్లాంజిలు ఎదురెదురుగా కదలక నిలిచినచో, దోషము ప్యాకింగుది. గొట్టము ఎగిరి ప్రక్కకుగాని, క్రిందికిగాని పోయినచో, ఇంతకాలము బోల్టులు దానిని నిర్బంధించి పట్టియుంచినవని తెలియును. బోల్టు పని కలిపి యుంచుట. లాగి దారికి తెచ్చుట కాదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యసంగతి యిదియే.

సరిచేయు విధము

బండిని చదునైన గట్టినేలపై, గాలి యాడుచోట నిలిపి, చక్రములకు అడ్డుపెట్టవలెను. జాకీ లేపుటకే గాని మోయుటకు కాదు. ఇనుప స్టాండులమీద బండిని నిలిపినగాని దాని క్రిందికి దూరరాదు. గొట్టము పూర్తిగా చల్లారవలెను. రాలు త్రుప్పునుండి కండ్లను కాపాడుటకు అద్దములు ధరింపవలెను. త్రుప్పుపట్టిన నట్టులకు త్రుప్పు వదల్చు నూనె పోసి కొంతసేపు నాననీయవలెను. తొందరపడి త్రిప్పినచో మర విరుగును. అపుడు చిన్నపని పెద్దదగును.

మొదట ఇంజను మౌంటింగులను, రబ్బరువలయములను పరీక్షించి, చెడినవానిని మార్చవలెను. క్రుంగిన ఇంజనునకు గొట్టమును సరిపుచ్చుట, ఒరిగిన గోడకు తలుపు చెక్కుట వంటిది. పిదప ఒక్క చెడిన యతుకును మాత్రమే కాక, ముందునుండి వెనుకవరకు గల అతుకుల నన్నిటిని వదులుచేయవలెను. ఇది కష్టమని తోచును గాని, దీనిని విడిచినచో తక్కిన శ్రమ వ్యర్థము.

ఫ్లాంజి ముఖములను శుభ్రపరచి, వానిపై ఉక్కు రూళ్లకర్ర నానించి చూడవలెను. క్రింద వెలుగు కనబడినచో ముఖము వంగినది; దానిని ఆకురాయితో చదునుచేయుటో, మార్చుటో చేయవలెను. ప్రాతబండ్ల ప్యాకింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. దాని దుమ్ము ఊపిరితిత్తులకు కీడు. కావున పొడిగా గీకక, తడిపి తీయవలెను. ఒకమారు నలిగిన ప్యాకింగును మరల వాడరాదు.

ఇపుడు ఇంజనుకడనుండి ప్రారంభించి, క్రొత్తప్యాకింగులతో ఒక్కొక్క భాగమును వెనుకకు కూర్చుకొని పోవలెను. నట్టులను వ్రేళ్లతో తిరిగినంతవరకే త్రిప్పవలెను. రబ్బరులను తగిలించి గొట్టమును తన బరువుతో తాను వ్రేలాడనిచ్చి చూడవలెను. రబ్బరులు తిన్నగా వ్రేలాడుచున్నవా? గొట్టము అడుగుపలకకుగాని, ఇరుసుకుగాని, బ్రేకుగొట్టములకుగాని తగులుచున్నదా? చేతితో ఊపినపుడు అన్నివైపుల సమముగా ఊగుచున్నదా? ఫ్లాంజిముఖములు చేతితోనే సమముగా కలియుచున్నవా? బోల్టులు వ్రేలితో నెట్టిన దూరుచున్నవా? అన్నిటికిని తగిన సమాధానము వచ్చినగాని పానా పట్టరాదు.

అటుపిమ్మట ముందుయతుకునుండి వెనుకకు బిగింపవలెను. ఒక బోల్టును ఒక్కమారే బిగింపక, ఒకదానిని కొంచెము, ఎదుటిదానిని కొంచెముగా మార్చిమార్చి బిగించినచో ప్యాకింగు సమముగా నలుగును. ఎంత బిగువు కావలెనో ఆయా బండి గ్రంథమున వ్రాసియుండును. స్ప్రింగుబోల్టులను స్ప్రింగు నలిగిపోవునట్లు బిగింపరాదు. ఆ యతుకు కదలుటకే పుట్టినది. తరువాత ఆరుబయట ఇంజను నడిపి విని, కొంతదూరము తిరిగి వచ్చి, చల్లార్చి, బిగువులను మరల చూడవలెను.

ఇంత చేసినను ముఖములు కలియనిచో గొట్టమే వంగినదని నిశ్చయింపవచ్చును. అట్టిదానిని మార్చవలెను, లేదా కోసి, బండికింద సరియైన స్థితిలో నిలిపి గుర్తుపెట్టి, మరల వెల్డింగు చేయింపవలెను. పెట్రోలుట్యాంకు దాపున జరుగు ఈ పని అనుభవము గల మేస్త్రీకే తగును.

చేయరాని పనులు

ఎడమును పూడ్చుటకు రెండు ప్యాకింగులను కలిపి వేయుట, పొడవుబోల్టు వేసి బలవంతముగా లాగుట, పైపైన పేస్టు పూసి పంపుట అను మూడును వాడుకలో నున్న అడ్డదారులు. ఇవి కొన్నిదినములు చప్పుడును మాన్పును. చప్పుడు మానినది గాని వంకర మానలేదు. వేడిచేతను, ఊపుచేతను ఆ బలము మరియొకచోటికి పోయి, మానిఫోల్డు పగులుటకో, వంగుగొట్టపు అల్లిక చినుగుటకో దారితీయును. మొదట ప్యాకింగు ఖరీదుతో తీరెడిది పిమ్మట పలురెట్లు అగును.

విద్యార్థులు తామే బండిక్రింద దూరవలెనని మా యభిప్రాయము కాదు. వినుటయు, అడుగుటయు మీ వశములోనివి. ఇంటిబండిని షెడ్డునకు కొనిపోయినపుడు మీ పెద్దలతోకూడ నిలిచి, "మేస్త్రీగారూ, చివరి బోల్టు తీసినపుడు గొట్టము ప్రక్కకు పోయినదా? రబ్బరులను, మౌంటింగులను చూచితిరా? అతుకులన్నియు వదులుచేసి ముందునుండి బిగించితిరా?" అని వినయముతో అడుగుడు. పని తెలిసిన మేస్త్రీ యీ ప్రశ్నలకు సంతోషించి, మీరు గ్రంథములలో చదువనిదానిని చేతితో చూపును. ఆయన సమాధానము వినినపిదప ఆ బండిలో ఇంటివారు నిశ్చింతగా నిదురింపవచ్చునో కాదో మీకే తెలియును.

అభ్యాసము

1. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు నాలుగు సిలిండరులనుండి సెకనుకు ఎన్ని పొగదెబ్బలు వచ్చును? (100)

2. 2½ మీటర్ల ఉక్కుగొట్టము 30 డిగ్రీలనుండి 330 డిగ్రీలకు వేడెక్కినచో ఎంత సాగును? (9 మిల్లీమీటర్లు)

3. ముందు ఫ్లాంజియొద్ద ఒక డిగ్రీ వంకర యున్నచో 1½ మీటర్ల వెనుక గొట్టము ఎంత ప్రక్కకు పోవును? (సుమారు 26 మిల్లీమీటర్లు)

4. వెనుకయతుకును ముందుగా బిగించినచో ముందుయతుకు ఏల తెరచుకొనును? పటము గీచి వివరింపుడు.